సిమిలిపాల్ ప్రయాణం ఎలా వేసుకోవాలి: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లకి

సిమిలిపాల్ పులుల అడవి మన ఒడిశాలోనే ఉన్నా మనకి దగ్గరేమీ కాదు. అది ఉన్న మయూర్‌భంజ్ జిల్లా రాష్ట్రానికి ఆ కొసన ఉంటే మన జిల్లాలు ఈ కొసన ఉన్నాయి. బరంపురం నుంచి ఆ జిల్లా కేంద్రం బారిపదకి రోడ్డు మీద సుమారు 420 కిలోమీటర్లు. కోరాపుట్, జయపురం వాళ్లకి అంతకు ఒకటిన్నర రెట్లు పైనే. ఇంత దూరం వెళ్లి, గేటు దగ్గర ఆలస్యమైందని సగం అడవి చూసి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. అలా జరగకుండా ఉండాలంటే ప్రయాణాన్ని ఇంటి దగ్గర నుంచి ముందుకి లెక్కపెట్టకండి. అడవి గేటు తెరిచే పొద్దుటి వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నెల, రైలు, బస, బండి అన్నీ ఆ వేళని బట్టే కుదుర్చుకోవాలి.

ఎక్కడికి వెళ్తున్నారో ముందు కొంచెం తెలిసి ఉంటే మంచిది. 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైనప్పుడు ఎంచుకున్న తొలి అడవుల్లో సిమిలిపాల్ ఒకటి. 1994లో జీవావరణ రిజర్వు (బయోస్ఫియర్ రిజర్వు) అయింది, 2009లో యునెస్కో వాళ్ల జీవావరణ రిజర్వుల జాబితాలో చేరింది. పులుల రిజర్వు మొత్తం సుమారు 2,750 చదరపు కిలోమీటర్లు. అందులో 845.70 చదరపు కిలోమీటర్ల నడిభాగాన్ని 2025 ఏప్రిల్‌లో జాతీయ పార్కుగా ప్రకటించారు. భితరకనికా తరవాత రాష్ట్రంలో ఇది రెండోది. ఖైరీబురు, మేఘాసని శిఖరాలు రెండూ 1,150 మీటర్లు దాటినవే. చూడ్డానికి జనం ఎక్కువగా వెళ్లేది బరేహిపాణి, జోరందా జలపాతాలకి. బుఢాబలంగ నది మీద ఉన్న బరేహిపాణి 399 మీటర్ల ఎత్తు నుంచి రెండు మెట్లుగా పడుతుంది.

పులి కోసమే అయితే మాత్రం ఇంత దూరం రావద్దు. ఇక్కడి పులులకి ఒక ప్రత్యేకత ఉంది. ఒకే ఒక జన్యువులో మార్పు వల్ల కొన్నిటికి నల్ల చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒళ్లంతా నల్లగా కనిపిస్తాయి. ఈ సంగతి 2021లో తేలింది. ఆ రక్తసంబంధం చిన్న గుంపులోనే తిరుగుతోందని, కొత్త నెత్తురు కలపడానికి 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని తెచ్చి ఇక్కడ వదిలారు. కానీ సాల (గుగ్గిలం) వనం చాలా దట్టం, పులులు తిరిగే చోటు ఎక్కువ భాగం మనకి తెరవరు. తాడోబాలోలాగా చెరువు గట్టున పులి కనిపిస్తుందని పిల్లలకి ఆశపెట్టి తీసుకెళ్తే వాళ్లు నిరాశపడతారు. బెట్టుడుత, గోరువంక, కణితి, దుప్పి, అదృష్టం ఉంటే ఏనుగుల మంద, వీటితో పాటు ఆకాశం కనపడనంత ఎత్తు పెరిగిన గుగ్గిలం చెట్లు, ఇదీ ఈ అడవి. ఇది చాలదనుకునేవాళ్లు తాడోబాకి వెళ్లే చంద్రపూర్ బండి ఎక్కడమే మేలు.

ముందు నెల తేల్చుకోండి

వానాకాలంలో పార్కు మూసేస్తారు. మామూలుగా జూన్ నడిమి నుంచి అక్టోబరు చివరి దాకా మూసే ఉంటుంది. నవంబరు మొదట్లో తెరుస్తారు. కాబట్టి దసరా సెలవుల్లో వెళ్దామనుకునే కుటుంబాలకి ఆ దారి లేదు. ప్రతి ఏటా ఈ ఒక్క సంగతి తెలియకే టికెట్లు కొనేసి రద్దు చేసుకునేవాళ్లుంటారు.

నవంబరులో జలపాతాలు నిండుగా ఉంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, చలి ఇంకా కొరకదు. మొదటిసారి వెళ్లేవాళ్లకి కార్తీక మాసం రోజులే అన్నిటికంటే మంచివి. డిసెంబరు 20 నుంచి జనవరి మొదటివారం దాకా జనం కిక్కిరిసి ఉంటారు. సంక్రాంతికి అస్సలు వద్దు. మయూర్‌భంజ్‌లో మకర పర్వం అన్నిటికంటే పెద్ద పండగ. ఆ నాలుగైదు రోజులు డ్రైవర్లు దొరకరు, హోటళ్లు సగం మూసి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాలి జంతువులు కాస్త బాగా కనిపిస్తాయి. జలపాతాలు సన్నబడతాయి, కార్చిచ్చు భయం మొదలవుతుంది. 2021లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడ పెద్ద ఎత్తున అడవి తగలబడింది. అలాంటి రోజుల్లో దారులు చెప్పకుండానే మూస్తారు. ఏప్రిల్‌లో ఎండ ఎక్కువే, అయినా ఒక లాభముంది. నెల నడిమిలో వచ్చే విషువ సంక్రాంతికి బారిపదలో చైత్ర పర్వం జరుగుతుంది. రాత్రిళ్లు ఛౌ నాట్యం చూసి, ఒక పగలు అడవికి కేటాయించుకోవచ్చు.

రైలు, ఆ తరవాత రోడ్డు

బరంపురం వాళ్లకి తేలికైన దారి హౌరా లైను. ఫలక్‌నుమా లాంటి బళ్లు బరంపురంలోనూ బాలేశ్వర్‌లోనూ ఆగుతాయి. బాలేశ్వర్‌లో దిగితే బారిపద 60 కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉంటాయి. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు పలాస వచ్చి అక్కడ మెయిన్ లైను బండి పట్టుకోవచ్చు. కోరాపుట్, రాయగడ వాళ్లు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి భువనేశ్వర్‌లో దిగాలి. అక్కడి నుంచి బాలేశ్వర్‌కి ఇంకో బండి, లేదా బారిపదకి నేరుగా బస్సు. భువనేశ్వర్ నుంచి రోడ్డు సుమారు 250 కిలోమీటర్లు. హీరాఖండ్ ఆలస్యమైతే కలిసే బండి తప్పిపోతుంది. అందుకని మధ్యలో కనీసం మూడు గంటలు ఖాళీ పెట్టుకోండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అడవి లోపల బస కావాలంటే ముందు ఆ గది దొరికిందో లేదో చూసుకుని, తరవాతే రైలు టికెట్ కొనాలి. గదులు తక్కువ, రైలు సీట్లు ఎక్కువ. ఏది దొరకడం కష్టమో దాన్ని ముందు పట్టుకోవాలి. గుడ్‌గుడియా, జామువాణి, కుమారి లాంటి నేచర్ క్యాంపులన్నీ అటవీశాఖ వాళ్ల ఇకోటూర్ ఒడిశా వెబ్‌సైటులోనే బుక్ అవుతాయి. భోజనం కూడా అందులో కలిసి ఉందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోండి, ఎందుకంటే లోపల కొనుక్కోవడానికి హోటలు ఉండదు. ఎవరైనా మధ్యవర్తి ఫోనులో డబ్బు పంపమంటే పంపకండి. గేటు దగ్గర అడిగేది రసీదు, మాట కాదు.

ఏ గేటు?

రెండు వైపుల నుంచి లోపలికి వెళ్లొచ్చు. తూర్పున బారిపద నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో పిఠాబటా. పడమట జశిపురం దగ్గర కలియాణి. పిఠాబటా నుంచి ఘాటీ నిటారుగా ఎక్కుతుంది. లులుంగ్, సీతాకుండ్ ఆ వైపే. జశిపురం ముందే ఎత్తు మీద ఉంటుంది కాబట్టి అటు ఎక్కుడు తక్కువ, కడుపులో తిప్పేవాళ్లకి, పెద్దవాళ్లకి అదే సుఖం. బరేహిపాణి కూడా అటు నుంచే సులువు. జశిపురంలో రామతీర్థ దగ్గర మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, పిల్లలకి గంటసేపు కాలక్షేపం. సిమిలిపాల్ తొలి క్షేత్ర సంచాలకుడు సరోజ్ రాజ్ చౌధురి ఖైరీ అనే పులి కూనని తన ఇంట్లో పెంచింది కూడా ఈ జశిపురంలోనే.

బాలేశ్వర్‌లో దిగేవాళ్లు బారిపదలో పడుకుని పిఠాబటా నుంచి వెళ్లండి. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే బంగిరిపోషి ఘాటీ మీదుగా 49వ నంబరు జాతీయ రహదారిలో జశిపురం చేరి అక్కడ పడుకోండి. ఒక గేటులో ఎక్కి ఇంకో గేటులో దిగే వీలుందో లేదో పర్మిట్ తీసుకునేటప్పుడే అడగాలి. అన్ని సీజన్లలో ఒకే దారులు తెరవరు. జాతీయ పార్కు అయ్యాక నడిభాగంలో ఆంక్షలు ఇంకా గట్టివి. నిరుడు వెళ్లొచ్చిన బంధువు చెప్పిన దారిని నమ్ముకోకుండా, బయల్దేరే వారం ముందు అటవీశాఖ ప్రకటన చూసుకోండి.

పగటి లెక్క

ఇదే అసలు సంగతి. లోపల దారి చాలా భాగం మట్టి, రాయి. గంటకి 20 కిలోమీటర్ల కంటే ఎక్కువ నడవదు. రెండు జలపాతాలూ చూసి తిరిగి రావాలంటే దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు తిరగాలి, అంటే బండిలోనే అయిదు గంటలు. ఒక్కో జలపాతం దగ్గర గంట, తిండికి గంట, జంతువు కనిపించినచోట ఆగడాలకి ఇంకో గంట. మొత్తం తొమ్మిది గంటలు. డిసెంబరులో అక్కడ ఆరు దాటాక తెల్లవారి, సాయంత్రం అయిదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. చీకటి పడ్డాక లోపల బండి తిరగనివ్వరు. పదకొండు గంటల వెలుతురులో మీకు మిగిలేది రెండు గంటలు. ఒక్క పంచరు పడితే అందులో గంట పోతుంది.

ఇక రోజుకి లోపలికి వదిలే బళ్ల సంఖ్యకి పరిమితి ఉంది, పైగా పొద్దుటి పూట కొన్ని గంటలే వదులుతారు. తొమ్మిదింటికి తీరిగ్గా టిఫిను చేసి గేటుకి వెళ్తే రెండు నష్టాలు. ఒకటి, వరుస నిండి ఉండొచ్చు. రెండోది, లోపలికి వదిలినా ఆ రెండు గంటల వెసులుబాటు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అప్పుడు డ్రైవరు తొందరపెడతాడు, జోరందా వదిలేద్దామంటాడు. తెల్లవారుజామున అయిదింటికి బారిపదలో బయల్దేరి, గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి. టిఫిను ముందురోజు రాత్రే కట్టించుకోండి. బారిపదలో మరమరాలు, మటన్ కూర కలిపి తినే ముఢీ మాంసం పేరున్న తిండి. దాన్ని రాత్రి తిని రండి. అడవిలోకి మాత్రం మరమరాలు, వేరుశెనగలు, బెల్లం, అరటిపళ్లు చాలు. నూనె తిండి ఘాటీ మలుపుల్లో నిలవదు.

ఘాటీలో కక్కే అలవాటున్నవాళ్లు అవోమిన్ మాత్ర బండెక్కడానికి ఒకటి రెండు గంటల ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవకముందే బయటికి వచ్చేస్తుంది.

బండి

సొంత కారు మీద ఆశ వదులుకోండి. స్విఫ్ట్, ఆల్టో లాంటి తక్కువ ఎత్తు బళ్లు అయిదుగురితో నిండితే అడుగు రాయికి తగిలి ఇంజిను కింది ఆయిల్ చాంబరు పగులుతుంది. లోపల మెకానిక్కు ఉండడు, ఫోనుకి సిగ్నలూ దాదాపు ఉండదు. మోటారు సైకిళ్లని రానివ్వరు. బారిపదలోనో జశిపురంలోనో ఈ దారి అలవాటున్న డ్రైవరుతో బొలెరో లాంటి ఎత్తయిన బండి మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు తేల్చుకోవాలి: డీజిలు ఎవరిది, బండి ప్రవేశ రుసుము ఎవరు కడతారు, డ్రైవరు భోజనం ఎవరిది, గేటు దగ్గర వెనక్కి పంపితే ఎంత ఇవ్వాలి. ఈ చివరిది ముందే మాట్లాడుకోకపోతే తగువులవుతాయి.

ముందురోజు సాయంత్రం బండిని కళ్లతో చూడండి. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ, వీల్ పానా ఉన్నాయా చూసుకోండి. ట్యాంకు నిండుగా కొట్టించాలి, లోపల బంకు లేదు. దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచే డ్రైవరుకి రెండో గేరులో దింపమని చెప్పండి. బ్రేకు వేడెక్కితే పట్టు జారుతుంది, కాలిన వాసన వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆపి, పావుగంట చల్లారనివ్వాలి. నీళ్లు పోయకూడదు, వేడెక్కిన డ్రమ్ములు పగలవచ్చు.

మనిషికి ఒక గుర్తింపు కార్డు అసలుది, ఒక నకలు ఉంచుకోండి. గేటు దగ్గర మనుషులకి, బండికి, కెమెరాకి విడివిడిగా రుసుములుంటాయి. చిల్లర డబ్బు చేతిలో ఉండాలి, అక్కడ ఫోను చెల్లింపులు ఎప్పుడూ పనిచేస్తాయని నమ్మొద్దు. గేటు దగ్గర స్థానిక గైడ్‌ని తీసుకోండి. మనవాళ్లకి ఒడియా వచ్చు కాబట్టి గైడ్ చెప్పేది నేరుగా అర్థమవుతుంది, బయటి రాష్ట్రాల వాళ్లకి లేని సుఖం ఇది.

వెంట తీసుకెళ్లేవి

ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు గేటు దగ్గరే తీయిస్తారు. మద్యం, మైకులు కుదరవు. స్టీలు క్యాన్లలో మనిషికి మూడు లీటర్ల చొప్పున నీళ్లు పట్టుకోండి. ఏటి నీళ్లు తాగొద్దు, ఎంత తేటగా ఉన్నా సరే. విస్తరాకులు మన ఊళ్లోవే కట్టుకెళ్లండి. సిమిలిపాల్‌లో కూడా విస్తళ్లు కుట్టే అడ్డతీగ దండిగా ఉంటుంది, మాంకిడియా గిరిజనులు దాని నారతో తాళ్లు పేనుతారు. తాళ్లు అమ్మకానికి కనిపిస్తే కొనండి, గట్టిగా ఉంటాయి. వాళ్ల ఫోటో తీసేముందు మాత్రం అడగాలి.

చలిని బరంపురం కొలతతో చూడొద్దు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరు డిగ్రీలు తగ్గుతుందని మామూలు లెక్క, కానీ ఇక్కడ రాత్రిళ్లు అంతకంటే ఎక్కువ పడిపోతుంది. మబ్బు లేని రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి గుట్టల మీది నుంచి జారి, పచ్చిక బయళ్లలో, లోయల్లో పేరుకుంటుంది. డిసెంబరు, జనవరుల్లో గడ్డి మీద మంచు పేరుకున్న రోజులున్నాయి. లోపల పడుకునేవాళ్లకి ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాపు, సాక్సులు, ఒక దుప్పటి కావాలి. పగలు మాత్రం పలచటి పొడుగు చేతుల చొక్కా చాలు. ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగులు వేసుకోండి. తెలుపు దూరం నుంచే జంతువులకి తెలిసిపోతుంది. మట్టి దారి దుమ్ముకి ముక్కుకి కట్టుకునే తువ్వాలు, టార్చి, దాని బ్యాటరీలు మరిచిపోవద్దు.

లోపల

జలపాతాలు చూసే చోట కట్టిన కంచె దాటొద్దు. అంచున రాళ్లు నాచుతో జారతాయి, కింద దిగడానికి దారి లేదు. నవంబరులో పొద్దున్నే వెళ్తే లోయంతా పొగమంచు కప్పి నీటి చప్పుడే వినిపిస్తుంది. నిరాశపడి వెనక్కి తిరగొద్దు, ఎండ ఎక్కాక గంటలోపు తేటపడుతుంది.

ఏనుగులు దారిలో నిలబడితే వంద మీటర్ల దూరంలో ఆగాలి. హారను, కేకలు, కిందికి దిగడాలు వద్దు. వెనక్కి వెళ్లే చోటు ఖాళీగా ఉంచుకోండి, వెనక బండి అంటుకుని నిలబడితే చెయ్యి ఊపి వెనక్కి పంపండి. పిల్లలున్న మంద అయితే గైడ్ చెప్పేదాకా కదలొద్దు. లఖారి లోయ నుంచి దిగిన ఏనుగుల్ని చూసిన గజపతి జిల్లా వాళ్లకి ఇది కొత్త కాదు. అరటిపళ్లు విసరడం మాత్రం ఎక్కడా చేయొద్దు. తిండికి బళ్ల దగ్గరికి రావడం నేర్చుకున్న ఏనుగు ఊళ్ల మీదికీ వస్తుంది, చివరికి ప్రాణం పోయేది దానిదో మనిషిదో.

జ్వరం

కోరాపుట్, రాయగడ వాళ్లకి మలేరియా గురించి చెప్పనక్కర్లేదు. సిమిలిపాల్ కొండల్లో కూడా మెదడుకి ఎక్కే ఫాల్సిపారం రకం ఉంది. వెళ్లడానికి రెండు వారాల ముందు డాక్టరుని కలిసి ముందు జాగ్రత్త మందు కావాలేమో అడగండి. డాక్సీసైక్లిన్ లాంటి మందు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాల్సి ఉంటుంది. ఇంటికి రాగానే మానేస్తే ఉపయోగం లేదు. గర్భిణులకి, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఆ మందు ఇవ్వరు కాబట్టి వాళ్ల సంగతి విడిగా అడగాలి. సాయంత్రం అయిదు నుంచి పొద్దున ఆరు దాకా కాళ్లు చేతులు కప్పుకోండి, దోమతెర కింద పడుకోండి. క్యాంపులో తెర చిరిగి ఉందేమో పగలే చూసి మార్పించుకోండి.

గడ్డిలో కూర్చున్నప్పుడు చాప వేసుకోండి. కంటికి కనపడని పురుగుల కాటుతో స్క్రబ్ టైఫస్ వస్తుంది, అది సంకలోనో గజ్జలోనో చిన్న నల్ల పొక్కుతో మొదలవుతుంది.

మలేరియా జ్వరం మామూలుగా కుట్టిన వారం, రెండు వారాల తరవాత వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. తిరిగొచ్చాక నెలలోపు ఎవరికి ఒళ్లు కాలినా పారాసెటమాల్‌తో రెండు రోజులు చూద్దామనుకోకండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించి, సిమిలిపాల్ వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి. ఒళ్లంతా వెతికి నల్ల పొక్కు ఉంటే చూపించండి. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ పరీక్ష చేయించాలి, ఒక్క పరీక్షలో దొరకకపోవడం మామూలే.